మడిగె, మాదిగ, మూడు మెట్లు



ఈ వరుసలో ఇప్పటిదాకా హాస్టళ్ల గురించి రాశాను, స్కాలర్‌షిప్పుల గురించి రాశాను, శ్మశానాల గురించి రాశాను. ఈ వారం ఒక పాత బిల్డింగు గురించి రాస్తున్నాను. "అన్నా, మనకు బిల్డింగులతో ఏం పని?" అని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. అందుకే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది. బస్సులో చదువుకోండి, మెస్సులో క్యూలో నిలబడి చదువుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మా ఊరి మెయిన్ బజారులో నిజాం కాలం నాటి రెండంతస్తుల బంగ్లా ఒకటి ఉంది. కింద వరసగా ఏడు మడిగెలు. (ఆంధ్ర వైపు మిత్రులకు: దుకాణం గదిని మా దిక్కు మడిగె అంటాం.) పైన ఓనర్ల ఇల్లు. ముందు రాతి స్తంభాలు, వాటి మీద కమాన్లు, పైన సున్నంతో తీర్చిన పూలు, లతలు. ఊరోళ్లు దాన్ని దుకానాల బంగ్లా అంటారు. ఆ బంగ్లా మూల స్తంభం పక్కన మా నాయిన నలభై ఏళ్లకు పైగా చెప్పులు కుట్టాడు. నేను చదివిన ప్రతి పుస్తకం ఆ స్తంభం పక్కన సంపాదించిన పైసలతో కొన్నదే.

రెండు నెలల కింద ఆ బంగ్లాకు కొలతలు తీయడానికి పట్నం నుంచి ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు వచ్చారు. బజారును పాత రూపంలోకి తెస్తారట. రంగురంగుల బోర్డులు తీసేసి, స్తంభాలు కడిగి, రాత్రిపూట పసుపు లైట్లు పెడతారట. మంచిదే అనుకున్నాను. నాలుగు రోజులకు స్తంభాల మీద కాగితం అంటించారు. ముందు కూర్చున్నవాళ్లు ఖాళీ చేయాలని. మడిగెల వాళ్లకు ఆ కాగితం లేదు. ముందు కూర్చున్నవాళ్లకే. అంటే మా నాయిన, పూలమ్మే ఒక అక్క, తాళాలు బాగుచేసే ఒక పెద్దమనిషి.

పాత రూపం. ఈ రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఏ పాత రూపం? ఎప్పటిది?

మా నాయినమ్మ చెప్పిన రూపం ఒకటి ఉంది. అప్పుడు ఆ బంగ్లా ముందు మనిషి నడుము ఎత్తు అరుగు ఉండేది. అరుగెక్కడానికి మూడు మెట్లు. షాబాదు బండలు పరిచిన మెట్లు. బట్టల దుకాణంలో కింద తెల్లటి పరుపు పరిచి ఉండేది. సేటు బోల్‌స్టర్ దిండుకు ఆనుకుని కూర్చునేవాడు. కొనేవాళ్లు చెప్పులు కింద వదిలి, మెట్లెక్కి, పరుపు మీద కూర్చుని చీరలు విప్పించి చూసేవాళ్లు. మా నాయినమ్మ చూడలేదు. ఆమె రోడ్డు మీద నిలబడి అడగాలి. గుమాస్తా చీర మడత విప్పకుండా దూరం నుంచి చూపిస్తాడు. రంగు నచ్చిందా లేదా అంతే. పైసలు మొదటి మెట్టు మీద పెట్టాలి. గుమాస్తా చెంబుతో నీళ్లు చల్లి తీసుకుంటాడు. చీర పైనుంచి కిందికి పడుతుంది. పట్టుకోకపోతే మట్టిలో పడుతుంది.

"మూడు మెట్లే బిడ్డా. ముప్పై ఏండ్లు నడిచినా ఎక్కలేదు" అనేది ఆమె.

ఇప్పుడు ఆర్కిటెక్చర్ చదివే తమ్ముళ్లను, చెల్లెళ్లను అడుగుతున్నాను. అరుగు ఎందుకు కడతారు? వాన నీళ్లు లోపలికి రాకుండా, దుమ్ము ఎగరకుండా, బండిలోంచి మూటలు సులువుగా దించుకోవడానికి. మీ పుస్తకంలో ఇవన్నీ ఉంటాయి. నిజమే, నేను కాదనను. కానీ అదే అరుగు ఇంకో పని కూడా చేసింది. ఎవరు పైన, ఎవరు కింద అనేది రోజూ నోటితో చెప్పాల్సిన అవసరం లేకుండా చేసింది. రాయి చెప్తుంటే మనిషి ఎందుకు చెప్పాలి?

ముందు వైపు చూసినట్టే వెనక వైపు కూడా చూడాలి. బంగ్లా వెనక మూడడుగుల సందు ఉండేది. పాత బజారు ఇళ్లలో చాలావాటికి అలాంటి సందు ఉంటుంది. దాని పని ఒక్కటే. పాయఖానా గోడకు కింద చిన్న కంత ఉండేది. తెల్లారకముందే ఆడోళ్లు ఆ సందులోంచి వచ్చి, ఆ కంతలోంచి మలం ఎత్తి, గంపలో పెట్టుకుని పోయేవాళ్లు. ఇంట్లోవాళ్లు వాళ్ల ముఖం చూడాల్సిన పని లేకుండా నక్షా గీశారు. ముందు మూడు మెట్లు, వెనక మూడడుగుల సందు. ఈ రెండూ తీసేస్తే ఆ బంగ్లా కథలో మనం ఎక్కడా లేము. ఈ రెండూ పెడితే ఆ బంగ్లా కథంతా మనదే.

ఇంకో సంగతి. మా నాయినకు ఆ స్తంభం పక్కన చోటు ఎందుకు దొరికింది? దయతో ఇయ్యలేదు. అరుగు ఎక్కేవాళ్లు చెప్పులు కింద వదులుతారు కదా. వాళ్లు గంటసేపు చీరలు చూసి దిగేలోపు తెగిన వారు కుట్టొచ్చు, అరిగిన మడమకు తోలు వేయొచ్చు. చెప్పులు విడిచే చోటే చెప్పులు కుట్టేవాడి చోటైంది. అంటే మమ్మల్ని పైకి రానియ్యని అరుగే మాకు అన్నం పెట్టింది. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కులం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఈ మెలిక కూడా చూడాలి. అది తన్నేదీ, పొట్ట నింపేదీ ఒకే రాయితో.

తర్వాత ఆ బంగ్లా మారుతూ వచ్చింది.

మొదట తలుపులు మారాయి. పాత మడిగెలకు బల్ల తలుపులు ఉండేవి. ఒక్కో బల్లకు ఒక్కో నంబరు. పొద్దున్నే గుమాస్తా ఒక్కొక్కటి గాడిలోంచి తీసి గోడకు ఆనించేవాడు, రాత్రి వరస తప్పకుండా మళ్లీ పెట్టేవాడు. వాటి చోట ఇనుప షట్టర్లు వచ్చాయి. షట్టర్ చుట్ట కోసం కమాను పైభాగం కొట్టేశారు. ఏడు కమాన్లలో ఐదు అట్లా పోయాయి.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు రోడ్డు వెడల్పు చేశారు. బుల్డోజర్ వచ్చి అరుగును, మూడు మెట్లను ఒక్క పొద్దులో తీసేసింది. ఆ రోజు మా నాయినమ్మను తీసుకుపోయి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. "మనతోని కానిది మిషినితోని అయింది" అంది. తర్వాత ఆమె రోడ్డు మట్టం నుంచి నేరుగా మడిగెలోకి నడిచింది. సేటు కొడుకు ఏమీ అనలేదు. అనడానికి అరుగు లేదు.

తర్వాత సున్నం గోడల మీద సిమెంటు పూశారు. ఇది చిన్న మార్పు అనుకోకండి. ఆ బంగ్లా గోడలు డంగు సున్నంతో కట్టినవి. గానుగలో ఇసుక, సున్నం వేసి ఎద్దులతో తిప్పించి, బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు కలిపి చేసే సున్నం అది. ఆ గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేదు. గోడ లోపల్నుంచే పొడిబారి రాలుతుంది. బయటికి గట్టిగా కనబడుతుంది, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. బాగుచేసేవాళ్లు మొదట చేయాల్సిన పని ఆ సిమెంటును ఒలిచేయడమే. ఈ సంగతి నాకు చెప్పింది ఇంజనీరు కాదు. ఆ గోడకు కూలి పనిచేసిన మా వాడ తాత.

ఆ తర్వాత పరుపులు పోయి కౌంటర్లు వచ్చాయి. జనం చెప్పులతోనే లోపలికి పోవడం మొదలైంది. మా నాయినకు గిరాకీ సగానికి పడిపోయింది. ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక ఆ సగమూ పోయింది. చివరికి కమాన్ల మీద అల్యూమినియం షీట్లు బిగించారు. అద్దాల తలుపు, ఏసీ, కెమెరా. వెనక సందులో ఏసీ డబ్బాలు, పైపులు. పాయఖానా కంత మూసేసి సెప్టిక్ ట్యాంకు కట్టారు. అది నిండినప్పుడు దిగేది ఎవరో మీకు చెప్పక్కరలేదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని 1993 చట్టమే నేరం చేసింది. 2013 చట్టం రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు కాల్వల్లో మనుషుల్ని దించడాన్నీ నేరం చేసింది. కంత మూసుకుపోయింది, మూత వచ్చింది. మనిషి మారలేదు.

మరి అరుగు పోయింది కదా, మెట్లు పోయాయి కదా, ఇప్పుడేం బాధ?

ఐదేళ్ల కింద మా చిన్నాయిన కొడుకు ఆ బంగ్లాలో ఒక మడిగె కోసం పోయాడు. చెప్పుల దుకాణం పెడదామని. కుట్టేది కాదు, అమ్మేది. డిగ్రీ చదివాడు, పట్నంలో ఒక షోరూములో ఆరేళ్లు పనిచేశాడు, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలుసు. చేతిలో అడ్వాన్స్ పైసలు ఉన్నాయి. మడిగెకు టు లెట్ బోర్డు వేలాడుతోంది. ఓనరు మంచిగానే మాట్లాడాడు. చాయ్ తెప్పించాడు. కిరాయి ఖరారైంది. లేచేముందు అడిగాడు:

"ఇంతకూ మీరు ఎవరింటోళ్లు? ఏ వాడ?"

తమ్ముడు చెప్పాడు. మూల స్తంభం కాడ కూర్చునే పెద్దాయన మా పెద్దనాయినే అని కూడా చెప్పాడు. గర్వంగానే చెప్పాడు.

"అట్లనా. మంచిది. రేపు మాట్లాడుకుందాం."

రేపు ఫోన్ చేస్తే, ఇంకొకరికి మాటిచ్చిన అన్నాడు. ఆ టు లెట్ బోర్డు ఇంకో నాలుగు నెలలు వేలాడింది. తర్వాత ఆ మడిగెలోకి ఒక కంపెనీ చెప్పుల షోరూము వచ్చింది. తోలు చెప్పులు. మా నాయిన కూర్చున్న చోటు నుంచి అద్దంలోంచి కనబడతాయి.

తరతరాలుగా తోలు ఊనినవాడు, కుట్టినవాడు మాదిగ. ఆ తోలును గల్లాపెట్టె వెనక కూర్చుని అమ్మడానికి మాత్రం మాదిగకు మడిగె దొరకదు.

దీన్ని అంటరానితనం అంటే ఓనరు ఏడుస్తాడు. చాయ్ తాగించాను కదా అంటాడు. నిజమే, తాగించాడు. అదే గ్లాసులో. మా నాయినమ్మ కాలంతో పోలిస్తే అది చిన్న గెలుపు కాదు. కానీ ఆ గెలుపు ఎంతవరకు వచ్చిందో లెక్క చూసుకోవాలి.

రాజ్యాంగం తీయండి. 15వ అధికరణం, రెండో క్లాజు. జాతి, మతం, కులం పేరుతో ఏ పౌరుణ్నీ అడ్డుకోకూడని చోట్ల జాబితా అక్కడ ఉంటుంది. ఆ జాబితాలో మొట్టమొదటి మాట ఏంటో తెలుసా? దుకాణాలు. బావులు, చెరువులు, రోడ్లు అన్నీ ఆ తర్వాతే. ఈ దేశపు రాజ్యాంగం రాసినవాళ్లకు దుకాణం మెట్టు ఎంత ఎత్తో తెలుసు. 1948 నవంబరు 29న ఈ అధికరణం మీద రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడు, దుకాణం అంటే ఏంటి అన్న సందేహం వచ్చింది. బాబాసాహెబ్ ఇచ్చిన వివరణ మనం బట్టీ పట్టాల్సింది. దుకాణం అంటే లోపలికి రానిచ్చే గది మాత్రమే కాదు, అక్కడ దొరికే సేవను అడిగి పొందే హక్కు కూడా అని ఆయన చెప్పాడు. మంగలి పని కూడా అందులోకి వస్తుందని ఆయన వివరణ. అంటే గడప దాటడం ఒక్కటే హక్కు కాదు. గడప దాటాక సమానంగా చూడబడడం హక్కు.

ఆ వివరణ కొనేవాడి వైపు నుంచి చెప్పింది. డెబ్బై అయిదేళ్ల తర్వాత మనం అమ్మేవాడి వైపు నుంచి అడగాలి. కౌంటరు ఇటువైపు నిలబడే హక్కు సాధించుకున్నాం. కౌంటరు అటువైపు కూర్చునే హక్కు సంగతేంటి? 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టంలో అంటరానితనం పేరుతో ఎవరి వృత్తినీ, వ్యాపారాన్నీ అడ్డుకోవడం నేరమని ఉంది. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలోనూ వ్యాపారం మాట ఉంది. కానీ ఓనరు కులం మాట ఎత్తడు కదా. "ఇంకొకరికి మాటిచ్చిన" అంటాడు. ఆ వాక్యానికి ఏ సెక్షన్ పెడతారు? పాత అరుగును బుల్డోజర్ కొట్టగలిగింది, ఎందుకంటే అది కళ్లకు కనబడింది. కొత్త అరుగు ఓనరు నాలుక మీద ఉంది.

ఇక్కడ ఇద్దరు నాతో కొట్లాడతారు. ఇద్దరికీ జవాబు చెప్పాలి.

మొదటివాడు, కొలతలు తీయడానికి వచ్చిన పిల్లల్లో ఒకతను. మంచి పిల్లగాడు. "సార్, బిల్డింగులో కులం ఎందుకు చూస్తారు? కళ చూడండి" అన్నాడు. నేను అతన్ని స్తంభం దగ్గరికి తీసుకుపోయాను. ఈ రాయి ఎవరు కొట్టారు అని అడిగాను. తెలియదన్నాడు. మా దిక్కు రాయి కొట్టింది వడ్డెరోళ్లు. సున్నం మోసింది కూలోళ్లు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు, కట్టించినవాడి పేరే ఉంటుంది. నేను బిల్డింగులోకి కులాన్ని తీసుకురాలేదు తమ్ముడూ. కులమే రాళ్లు మోసుకుంటూ వచ్చి ఈ బిల్డింగు కట్టింది. నువ్వు కళ చూడు, నేనూ చూస్తాను. ఆ సున్నపు పూలు నాకూ ఇష్టమే. చిన్నప్పుడు నాయిన పక్కన కూర్చుని ఎన్ని రేకులున్నాయో లెక్కపెట్టేవాణ్ని. కానీ నీ నక్షాలో మూడు మెట్లు గీయకపోతే, వెనక సందు గీయకపోతే, నీ కొలత తప్పు.

రెండోవాడు మనవాడే. హాస్టల్లో ఉండే తమ్ముడు. "కూలనియ్యి అన్నా. మనల్ని మెట్టెక్కనియ్యని బంగ్లా ఉంటే ఎంత, పోతే ఎంత?" అన్నాడు. ఒకప్పుడు నేనూ అట్లే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. రెండు కారణాలు చెప్తాను.

ఒకటి, సాక్ష్యం. ఆ బంగ్లా కూలితే ఇంకో ఇరవై ఏళ్లకు "మా ఊళ్లో అసలు అంటరానితనమే లేదు" అనేవాళ్లు పుడతారు. ఇప్పటికే పుట్టారు. వెనక సందు గోడకు మూసేసిన కంత గుర్తు ఇంకా కనబడుతుంది. రాయి అబద్ధం చెప్పదు. మనం ఆ సాక్షిని చంపుకోవద్దు.

రెండు, దాని చోట ఏం వస్తుంది? అద్దాల కాంప్లెక్సు వస్తుంది. దానికి ముందు చారెడు నీడ ఉండదు, కూర్చోవడానికి స్తంభం ఉండదు. సెల్లారు ఉంటుంది, గేటు ఉంటుంది, గేటు దగ్గర యూనిఫాం వేసుకుని మనవాడే ఉంటాడు, మనల్ని ఆపడానికి. పాత బిల్డింగులో లోపలికి రానియ్యకపోయినా ముందు నీడ ఉండేది. కొత్త దాంట్లో ఆ నీడ కూడా కిరాయికే.

మరి ఏం చేయాలి? జవాబు కోసం హైదరాబాదు పోదాం. పత్థర్‌గట్టి చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా రాతి కమాన్ల వరస ఉంటుంది కదా, అదే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నగరాన్ని తిరిగి కట్టడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. రోడ్లు వెడల్పు చేసి, ఇరుకు బస్తీలు తీసేసి, ఈ రాతి దుకాణాల వరస కట్టింది ఆ బోర్డే. కింద దుకాణాలు, పైన నివాసాలు.

పత్థర్‌గట్టిలో నన్ను ఆపిన సంగతి ఒకటుంది. అక్కడ కమాన్ల వెనక దుకాణానికీ రోడ్డుకూ మధ్య నడవ ఉంది. ఎండలో, వానలో జనం నడవడానికి కట్టిన నడవ. అది దుకాణదారు అరుగు కాదు, బాట. మా ఊరి బంగ్లాలో దుకాణానికీ రోడ్డుకూ మధ్య ఉన్నది మెట్టు. పత్థర్‌గట్టిలో ఉన్నది నీడ. రెండూ ఇంచుమించు ఒకే కాలం నాటివి, రెండింట్లోనూ అదే రాయి, అదే సున్నం, అదే కమాను. తేడా ఎక్కడుంది? నక్షా ఎవరి కోసం గీశారు అన్న దాంట్లో ఉంది. సొంతానికి కట్టుకున్నవాడు తన గల్లాపెట్టె వైపు నుంచి చూశాడు. బోర్డు రోడ్డు వైపు నుంచి చూసింది.

నిజాం రాజ్యాన్ని పొగుడుతున్నానని అనుకోవద్దు. పట్నంలో కమాన్లు లేస్తున్న కాలంలోనే పల్లెల్లో మన తాతలు దొరల గడీల్లో వెట్టి చేశారు. బోర్డు బస్తీలు తీసేసినప్పుడు లేచిపోయినవి పేదల గుడిసెలే. అదే నగరంలో, అదే ఏళ్లలో భాగ్యరెడ్డి వర్మ అంటరాని పిల్లలకు బడులు పెట్టాడు, ఆది హిందూ ఉద్యమం నడిపాడు. రాజు కమాన్ల కంటే ఆయన బడులే మనల్ని ఇక్కడిదాకా తెచ్చాయి. నేను చెప్పేది ఒక్కటే. మెట్టు పెట్టాలా, నీడ పెట్టాలా అనేది ప్రకృతి కాదు. ఎవరో ఒకరు కాగితం మీద నిర్ణయిస్తారు. కాబట్టి ఆ కాగితం గీసే చోట మనం ఉండాలి.

ఇప్పుడు పత్థర్‌గట్టి నడవలో నడిచి చూడండి. చాలా చోట్ల దుకాణాల సరుకే బయటికి వచ్చి నిలబడి ఉంటుంది. ఖాళీ చేయించే మాట వచ్చినప్పుడు మాత్రం మన ఊళ్లన్నింట్లో మొదటి చూపు తోపుడు బండి మీదే పడుతుంది. ఐదడుగులు ముందుకు జరిపిన షట్టర్ ఆక్రమణ కాదు, రెండడుగుల గోనెపట్టా ఆక్రమణ.

మొజంజాహీ మార్కెట్ సంగతి చూడండి. 1935 నాటి రాతి కట్టడం. పాడుబడిపోయిన దాన్ని ప్రభుత్వ పైసలతో బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. గడియారం తిరుగుతోంది, రాయి మెరుస్తోంది. అంటే మనసు పెడితే అయ్యే పనే. కానీ జనం పైసలతో ఏ బజారు బాగుచేసినా మనం అడగాల్సిన ప్రశ్న రాయి మెరిసిందా అని కాదు. మెరిసిన తర్వాత లోపల ఎవరున్నారు, ముందు ఎవరున్నారు, బయటికి ఎవరు పోయారు అని.

హైదరాబాదు పాత కట్టడాలను కాపాడిన 13వ రెగ్యులేషన్‌ను 2015 చివర్లో తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. గోడలకు చట్టం ఉంది, గోడ నీడన బతికే మనిషికి లేదా? అది కూడా ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం. సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపొద్దు అంటుంది. లేపాల్సి వస్తే ముప్పై రోజుల నోటీసు ఇయ్యాలి అంటుంది. పట్టణ వెండింగ్ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లు ఎన్నికై రావాలి, వాళ్లలో మూడో వంతు ఆడోళ్లు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు చోటుండాలి అంటుంది. మా ఊళ్లో స్తంభం మీద అంటించిన కాగితంలో ఈ చట్టం ఊసు లేదు. తేదీ కూడా లేదు.

అందుకే విద్యార్థి మిత్రులకు నాలుగు పనులు చెప్తున్నాను. ఇవి ఉపన్యాసాలు కావు, సెలవుల్లో చేయగలిగిన పనులు.

మొదటిది. మీ ఊరి మెయిన్ బజారుకు పోండి. పాత బిల్డింగు ఒకటి ఎంచుకోండి. ముందు మెట్లు ఎన్ని ఉండేవి, ఎప్పుడు పోయాయి, వెనక సందు ఉందా, ముసలోళ్లను అడిగి రాయండి. ఫోటో తీయండి. మీ తాతమ్మలు ఇంకో పదేళ్లు ఉండరు.

రెండోది. మున్సిపాలిటీ కట్టిన షాపుల కేటాయింపులో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉంది. సమాచార హక్కు కింద జాబితా అడగండి. తర్వాత ఆ షాపు దగ్గరికి పోయి చూడండి. కాగితం మీద పేరు మనవాడిది, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఎవరు? బినామీ అయితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆ ఒక్క మడిగె ఒక కుటుంబం.

మూడోది. మీ ఊళ్లో వెండింగ్ కమిటీ ఉందా, ఎప్పుడు కూర్చుంది, మినిట్స్ ఎక్కడ, అడగండి. చెప్పులు కుట్టేవాళ్లకు, పూలమ్మేవాళ్లకు సర్టిఫికెట్లు ఇప్పించండి. కాగితం లేనివాణ్ని కాగితంతో లేపుతారు.

నాలుగోది, ఆర్కిటెక్చర్, ఇంజనీరింగ్ చదివే మనవాళ్లకు. బాగుచేసే నక్షా వచ్చినప్పుడు ఆ నక్షాలో మనిషికి చోటు అడగండి. మూల స్తంభం పక్కన ఆరడుగుల చోటు, పైన నీడ, తాగడానికి నీళ్లు, ఆడోళ్లకు పాయఖానా. ఇది గీయడానికి పెద్ద ఖర్చు కాదు. గీయాలన్న బుద్ధి కావాలి, ఆ బుద్ధి పుట్టించడానికి మీరు ఆ గదిలో ఉండాలి.

మా ఊరి సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, మేం ముగ్గురి పేర్లతో అర్జీ పెట్టాం. 2014 చట్టం ప్రతి జతచేశాం. కొలతలు తీసిన పిల్లగాడు మళ్లీ వచ్చాడు. మా నాయిన పక్కన రెండు గంటలు కూర్చుని, మెట్లు ఎక్కడ ఉండేవో అడిగి గీసుకున్నాడు. మూల స్తంభం పక్కన ఒక చిన్న డబ్బా గీసి "చర్మకారుడి చోటు" అని రాశాడు. అది మంజూరవుతుందో లేదో నేను చెప్పలేను. కానీ ఆ బంగ్లా మీద గీసిన కాగితంలో మా నాయిన కనబడడం ఇదే మొదటిసారి.

మొన్న రాత్రి నాయినకు ఫోన్ చేసి నక్షా సంగతంతా చెప్పాను. పాత రూపం తెస్తారట, అరుగు కూడా కొంచెం తిరిగి కడతారని అనుకుంటున్నారు అన్నాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"మెట్లు గూడ కడ్తరా?"

"కడ్తరేమో నాయినా."

"కట్టనియ్యి. ఈసారి నా ఆరె, రంపె మూడో మెట్టు మీద పెట్టుకొని కూసుంట."

జై భీమ్.

(వచ్చే వారం: టు లెట్ బోర్డుల గురించే, కానీ ఇండ్లవి. కిరాయి ఇల్లు వెతికిన మీ అనుభవాలు రాసి పంపండి. పేర్లు పెట్టను.)